మాత్రలమ్మ పెట్టిన పథ్యం

జీవితమంతా లిఫ్టులు బాగుచేసిన మనిషి చివరికి లిఫ్టు లేని మేడలో మొదటి అంతస్తులో స్థిరపడ్డాడు. అందుకు ఆయనకేమీ బాధ లేదు. మెట్లెక్కి వచ్చేవాళ్లు ఏ జబ్బుతో వస్తున్నారో అడుగుల చప్పుడును బట్టి చెప్పడం, రిటైరయ్యాక ఆయన తనకు తానే వేసుకున్న ఉద్యోగం. మోకాళ్ల నొప్పులవాళ్లు మెట్టుకోసారి ఆగుతారు. నిద్రపట్టనివాళ్లు చెప్పులు ఈడుస్తారు. జబ్బేమీ లేకుండా కోడలి మీద చాడీలు చెప్పడానికి వచ్చేవాళ్లు మాత్రం చకచకా ఎక్కేస్తారు.

వాళ్లంతా వచ్చేది ఆయన కోసం కాదు, ఆయన భార్య కోసం. ఆ వీధిలో ఆవిడను మాత్రలమ్మ అంటారు. ఆవిడ ఇచ్చేది ఆవగింజకు అన్నలాంటి తెల్లటి చక్కెర గోళీలు. వాటి మీద డ్రాపరుతో రెండు చుక్కల మందు వేసి, చిన్న గాజుసీసాలో పోసి, మూతపెట్టి, అరచేతిలో కాసేపు ఆడించి ఇస్తుంది. ముందు గదిని ప్లైవుడ్ చెక్కతో రెండు ముక్కలు చేశారు. అటువైపు ఆవిడ బల్ల, సీసాల అలమర, రోగులకు రెండు కుర్చీలు. ఇటువైపు ఆయన పడక్కుర్చీ, పేపరు, పాత పనిముట్ల పెట్టె. చెక్క పైకప్పు దాకా లేదు కాబట్టి ఇటు దగ్గితే అటు వినపడుతుంది. పేపరు తిప్పే చప్పుడు ఆగిందంటే ఆయన చెవులు రిక్కించాడని మాత్రలమ్మకు తెలుసు. విన్నది గడప దాటించడనీ తెలుసు.

ఈ విద్య ఆవిడకు మేనమామ నుంచి వచ్చింది. చిన్నప్పుడు సెలవులన్నీ ఆయన సీసాలు కడగడంతోనే గడిచిపోయేవి. ఆయన పోయాక కూడా రోగులు అలవాటు తప్పక అదే తలుపు కొట్టారు. "ఇన్నాళ్లూ నీ చేత్తో పోసినవే కదమ్మా మేం మింగింది, నువ్వే ఇచ్చెయ్" అన్నారు. ఆవిడ నీళ్లు నమిలింది, తప్పించుకుంది, చివరికి చదువుకుని పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంది. దాన్ని ఎవరికీ కనపడకుండా తలుపు వెనక తగిలించింది. అడిగితే, "గోడకు కన్నం ఉంది, మూయడానికి" అనేది.

మొగుడికి ఈ మందు మీద కాణీ ఎత్తు నమ్మకం లేదు. పెళ్లైన కొత్తలో ఒకరోజు పనినుంచి ఆకలి మీద వచ్చి, తినడానికేమీ కనపడక, అలమరలో ఉన్న పెద్ద సీసా ఎత్తి గోళీలన్నీ నోట్లో పోసుకున్నాడు. వీధి మొత్తానికి సరిపడే మందు అది. ఏమీ కాలేదు.

"మందైతే ఏదో ఒకటి అవ్వాలిగా" అన్నాడు, గెలిచినవాడిలా.

"మీరు నమ్మి తిన్నారా ఏంటి? ఆకలేసి తిన్నారు. ఆకలి తీరిందా లేదా?" అంది ఆవిడ.

ఆయన వృత్తిలోనూ ఇలాంటిది ఒకటి ఉంది. ఆయన చూసుకున్న ఒక ఆఫీసు మేడలో, లిఫ్టు తలుపు మూసే బటనుకు వైరే లేదు. ఎప్పుడో తెగితే ఎవరూ కలపలేదు. తలుపు దాని ఇష్టం వచ్చినప్పుడే మూసుకునేది. అయినా ఎక్కినవాళ్లంతా ఆ బటను నొక్కి, తలుపు మూసుకోగానే తమవల్లే అయినట్టు మొహం పెట్టేవాళ్లు. ఇది ఇంట్లో చెప్పి కడుపుబ్బ నవ్వాడు. మాత్రలమ్మ నవ్వలేదు. "పోనీలెండి, అంతసేపు ఆ చేతికో పని దొరికింది. లేకపోతే పక్కవాడి మీద విసుక్కునేవాళ్లు" అంది.

అలాగని ఆవిడ తన మందు గురించి గొప్పలకు పోయే మనిషి కాదు. ఒక సెలవురోజు ఆయన సూటిగా అడిగాడు. "అసలు నిజం చెప్పు, ఇందులో మందుందా?"

"మా మామయ్య ఉందన్నాడు. నేను చదివిన పుస్తకాలూ ఉందన్నాయి. పెద్దాసుపత్రి వాళ్లు లేదంటారు. సీసాలు కడిగినదాన్ని కదా, నాకైతే చక్కెరే కనిపించింది."

"మరి తగ్గుతోందంటారే జనం?"

"కొన్ని వాటంతటవే తగ్గుతాయి. కొన్ని ఎవరికో ఒకరికి చెప్పుకుంటే తగ్గుతాయి. తగ్గనివి నా దగ్గరికి రాకూడదు. వస్తే పంపించెయ్యాలి. అవేవో కనిపెట్టడమే నా పని, మిగతాది గోళీలు చూసుకుంటాయి."

ఆ మాటకొస్తే ఆవిడ అసలు పనితనం గోళీల్లో లేదు, పథ్యంలో ఉంది. మిగతా వైద్యులు పెట్టే పథ్యంలో ఇది తినకు, అది తాగకు అని ఉంటుంది. మాత్రలమ్మ పథ్యం మనిషిని చూసి పెడుతుంది. గొంతు పోయిన బడి పంతులమ్మకు, "మాత్ర వేసుకున్నాక సాయంత్రం దాకా పిల్లల మీద కేకలెయ్యకూడదు, వేస్తే మందు వికటిస్తుంది" అని చెప్పింది. నిద్రపట్టని బ్యాంకు గుమస్తాకు, ఫోను వంటగదిలో పెట్టి తలుపు మూస్తేనే మందు పనిచేస్తుందని చెప్పింది. తలనొప్పితో వచ్చిన ఒక పెద్దావిడకైతే, "ఈ మందు కడుపులో ఉన్నన్నాళ్లూ కోడలి వంటకు వంక పెట్టకూడదు" అంది.

"ఉప్పు ఎక్కువేసినా?" అంది పెద్దావిడ.

"ఎక్కువేసినా."

పెద్దావిడ మొహం గంటుపెట్టుకుని దిగి వెళ్లింది. అయినా చేసింది. నెల తిరిగేసరికి ఆవిడ తలనొప్పి తగ్గింది. కోడలి తలనొప్పి కూడా తగ్గింది, ఆ పిల్ల ఒక్క గోళీ మింగకుండానే. చెక్క వెనక కూర్చుని ఇన్నేళ్లుగా లిఫ్టాయన గమనించింది ఒకటే. వేళకు మాత్ర వేసుకోవడం మర్చిపోయినవాళ్లు బోలెడుమంది. పథ్యం మాత్రం అందరూ తు.చ. తప్పకుండా పాటిస్తారు.

ఇంకొకటి కూడా ఉంది. గుండెలో పట్టేసినట్టుందన్నా, జ్వరం దిగడం లేదన్నా, రక్తం పడిందన్నా మాత్రలమ్మ సీసా ముట్టుకునేది కాదు. "ఇది నా బల్ల మీద తేలేది కాదు" అనేది. అవసరమైతే చెప్పులేసుకుని తనే తోడు వెళ్లేది. ఎంత బతిమాలినా ఈ విషయంలో పప్పులుడికేవి కావు.

కింద అంతస్తులో టైలరమ్మ కొట్టు ఉంది. నలభై దాటిన మనిషి, చలాకీ. భర్త లారీ మీద ఊళ్లు తిరుగుతాడు, కూతురు కాలేజీకి వెళ్తుంది. వీళ్లిద్దరినీ పిన్నిగారూ, బాబాయిగారూ అని నోరారా పిలుస్తుంది. ఏళ్ల తరబడి వేధించిన పార్శ్వపు నొప్పి మాత్రలమ్మ గోళీలతోనే పోయిందని వచ్చిన ప్రతి గిరాకీకీ కొలతలు తీసుకుంటూ చెబుతుంది. (ఆ గోళీలకు పథ్యం, కిటికీ వైపు వీపు పెట్టకుండా మొహం పెట్టి కుట్టడం, చీకటి పడ్డాక మిషను ముట్టుకోకపోవడం.) ఆ కుట్టుమిషను చప్పుడే లిఫ్టాయన మధ్యాహ్నపు కునుక్కి జోలపాట.

ఒక మధ్యాహ్నం ఆ చప్పుడు కుట్టు మధ్యలో ఆగిపోయింది. ఆయనకు మెలకువ వచ్చింది. మెట్ల మీద అడుగులు వినిపించాయి గానీ ఏ జబ్బో పోల్చుకోలేకపోయాడు. నాలుగడుగులు పైకి వేయడం, ఆగడం, ఒకటి కిందికి దిగడం, మళ్లీ ఎక్కడం.

"పిన్నిగారూ, తలుపు వేయనా?" అంది టైలరమ్మ.

లిఫ్టాయన లేచి బయటికి పోదామనుకున్నాడు. కానీ ఆ గదికి ఉన్న ఒక్క తలుపూ అటువైపే ఉంది. కూర్చున్నచోటే బెల్లం కొట్టిన రాయిలా ఉండిపోయాడు.

"ఇక్కడ, చంకకు దగ్గరగా. గట్టిగా ఉంది. నొప్పేం లేదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"చలికాలం ముందు నుంచి అనుకుంటా."

"మీ ఆయనకు చెప్పావా?"

"స్టీరింగు పట్టుకున్న మనిషికి చెప్పి ఏం చేయను పిన్నిగారూ."

తర్వాత కుర్చీ జరిగిన చప్పుడు. మాత్రలమ్మ గొంతు ఎప్పుడూ లేనంత మెల్లగా వచ్చింది. "అమ్మాయ్, ఇది నా బల్ల మీద తేలేది కాదు. రేపు పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్దాం. నేనూ వస్తాను."

"మీరిదే అంటారని తెలుసు. నేను వెళ్లను. మా అమ్మ వెళ్లింది, తిరిగి రాలేదు. మీ చేతి మందు ఇవ్వండి, నాకదే చాలు."

"ఇవ్వను."

"ఇవ్వకపోతే మార్కెట్టు వెనకాల వేళ్లూ బెరళ్లూ నూరి ఇచ్చే ఆయన ఉన్నాడట. కోత లేకుండా గడ్డలు కరిగిస్తానని బోర్డు కూడా పెట్టాడు. ఆయన దగ్గరికే వెళ్తాను."

అప్పుడు లిఫ్టాయన తన పెళ్లాం నోటినుంచి ఎన్నడూ, ఏ రోగితోనూ అనగా వినని మాట విన్నాడు. "నా మాట విను. ఈ గోళీల్లో ఏమీ లేదు, చక్కెర. నీ తలనొప్పి తగ్గింది వీటివల్ల కాదు. వెలుగులో కుట్టావు, వేళకు పడుకున్నావు, తగ్గింది. గడ్డకు అలాంటివి పనిచేయవు."

టైలరమ్మ నవ్వింది.

"నన్ను ఆసుపత్రికి పంపాలని అలా అంటున్నారు. పోనీ చక్కెరే అనుకుందాం. మీ చేతి చక్కెరైనా పర్లేదు, ఇవ్వండి" అంది. ఇవ్వనంటే ఇవ్వనని మాత్రలమ్మ భీష్మించుకుంది. టైలరమ్మ కోపంగా మెట్లు దిగిపోయింది. కుట్టుమిషను మాత్రం మళ్లీ మోగలేదు.

మర్నాడు పొద్దున టీ తాగే వేళకు మాత్రలమ్మ మొహం పీక్కుపోయి ఉంది. "ఇన్నేళ్లలో నన్ను నమ్మమని ఎవర్నీ అడగలేదండీ. ఇప్పుడు నమ్మొద్దమ్మా అంటే వినడం లేదు. నావల్ల జరిగిందనుకున్న మంచినంతా తీసుకొచ్చి నాకే అడ్డంగా గోడలా కట్టింది" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. పెళ్లాం ఏడవడం చూసి అలవాటు లేని లిఫ్టాయన ఏమనాలో తెలియక, ఎప్పటిలాగే వేళాకోళంలోకి దిగాడు.

"నీ మందు ఎవడిక్కావాలి. జనం భయపడేది నీ పథ్యానికి. మొన్న ఆ గుమస్తా ఫోను వంటగదిలో పెట్టి, అది మోగుతుంటే తలుపు బయట నిలబడి దణ్ణం పెట్టాడట తెలుసా."

మాత్రలమ్మ కప్పు పెదవుల దాకా తీసుకెళ్లి ఆపేసింది. తర్వాత కప్పు కింద పెట్టి, అలమర తెరిచి, ఖాళీ సీసా తీసింది. గోళీలు పోసింది. మందు చుక్క మాత్రం వేయలేదు. "పదండి, కిందికి. మీరు నోరు మెదపకండి" అంది.

టైలరమ్మ కత్తెర పట్టుకుని గుడ్డ ముందు కూర్చుని ఉంది, కత్తిరించడం లేదు. మాత్రలమ్మ సీసాను ఆ గుడ్డ మీద పెట్టింది. ఆ మనిషి మొహం వికసించింది.

"నాకు తెలుసు పిన్నిగారూ, మీరు కాదనలేరని."

"పథ్యం విన్నాక తీసుకో. దీనికి పథ్యం చాలా కఠినం. మొదటి మాత్ర పెద్దాసుపత్రి గుమ్మం దాటాకే వేసుకోవాలి. వేసుకున్నాక అక్కడి డాక్టరమ్మ చేయి వేసి చూడాలి. ఆవిడ ఏ పరీక్ష చెబితే ఆ పరీక్ష, ఏది చేయాలంటే అది. ఒక్కటి తప్పినా వికటిస్తుంది."

"ఇదేం పథ్యం పిన్నిగారూ?"

"పథ్యం పెట్టేది నువ్వా, నేనా?"

టైలరమ్మ బేరానికి దిగింది. ఉప్పు మానేస్తానంది. ఒంటిపూట తింటానంది. నేల మీద పడుకుంటానంది. మాత్రలమ్మ దేనికీ తల ఊపలేదు. చివరికి టైలరమ్మ సీసా వంక, మాత్రలమ్మ వంక మార్చి మార్చి చూసి, "కోత కూడా పథ్యమేనా?" అని అడిగింది. "కోత కూడా" అంది మాత్రలమ్మ. టైలరమ్మ లేచి, మెడలో టేపు తీసి మేకుకు తగిలించి, కొట్టు తలుపు వేసి వాళ్ల వెంట బయల్దేరింది.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ చిన్న వయసుది, పని ఒత్తిడితో కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. పరీక్షలన్నీ అయ్యాక, గడ్డ మంచిది కాదనీ, ఆలస్యం చేయకుండా తీసేయాలనీ చెప్పింది. అప్పుడే టైలరమ్మ గుప్పిట్లో సీసా ఆవిడ కంటపడింది. అరికాలి మంట నెత్తికెక్కినట్టు మాత్రలమ్మను పక్కకు పిలిచింది. లిఫ్టాయన వెనకే వెళ్లి నిలబడ్డాడు, తిట్లు పడితే సగం పంచుకుందామని.

"ఏమిటివి? ఏం ఇచ్చారు ఆవిడకు?"

"చక్కెరండీ."

"చక్కెరని మీకు తెలుసా?"

"తెలుసు. మందు చుక్క కూడా వేయలేదు. దానికి పథ్యం పెట్టాను. ఆ పథ్యం మీరే."

డాక్టరమ్మకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అర్థమయ్యాక కోపం పోలేదు గానీ నవ్వు ఆపుకోలేకపోయింది. "ఆపరేషన్ రోజు పరగడుపున ఉండాలి. ఆ గోళీ కూడా వేసుకోకూడదు. అది మీరే చెప్పండి, నేను చెబితే వినదు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "ఆపరేషన్‌తో అయిపోదు. తర్వాత నెలల తరబడి కీమో మందు ఎక్కించాలి. మధ్యలో చాలామంది మానేస్తారు" అంది. మాత్రలమ్మ బడిపిల్లలా తల ఊపుతూ విన్నది. తనకు తెలియనివి అడిగి, చెప్పినవి మళ్లీ తిరిగి అప్పజెప్పింది. తన పెళ్లాం అలా ఎవరి ముందైనా చేతులు కట్టుకుని నేర్చుకోవడం లిఫ్టాయన చూడటం అదే మొదటిసారి. ఆవిడ మీద ఆయనకు గౌరవం పెరిగింది అక్కడే.

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాతి నెలలే కష్టం. మందు ఎక్కించిన ప్రతిసారీ టైలరమ్మ మంచానికి అతుక్కుపోయేది. జుట్టంతా రాలిపోయింది. నోరంతా పూసింది. భర్త లారీ వదిలి కొన్నాళ్లు ఇంట్లోనే ఉన్నాడు గానీ, అతను భార్యను చూసి భార్య కంటే ఎక్కువ ఏడ్చేవాడు. రెండోసారి మందు ఎక్కించి వచ్చాక టైలరమ్మ గోడవైపు తిరిగి పడుకుని, "ఇక చాలు పిన్నిగారూ. ఈ పథ్యం నావల్ల కాదు" అంది.

మాత్రలమ్మ బతిమాలలేదు. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, "నీ ఇష్టం. కానీ పథ్యం సగంలో వదిలిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నువ్వే మొదటిదానివి అవుతానంటే కానీ" అంది. మూడోసారి వేళకు టైలరమ్మ తల చుట్టూ గుడ్డ కట్టుకుని తనే మెట్ల దగ్గర సిద్ధంగా నిలబడింది.

ఆ నెలల్లో మాత్రలమ్మకు కాళ్లకు చక్రాలు కట్టినట్టే ఉండేది. పొద్దున తన రోగులు, మధ్యాహ్నం ఆసుపత్రి, సాయంత్రం టైలరమ్మ కొట్టు. కొట్టు మూసేస్తే గిరాకీలు పోతాయని, తనకు వచ్చీరాని కుట్టుతో అక్కడ కూర్చునేది. ఆవిడ కుట్టిన ఒక ప్యాంటుకు ఒక కాలు పొట్టి వచ్చింది. తీసుకెళ్లడానికి వచ్చిన ఆయన వేసుకుని చూసి, "నేను వంగి నడవాలా అమ్మా?" అన్నాడు. "కొన్నాళ్లు నడవండి, నడుముకు మంచిది" అంది మాత్రలమ్మ, మొహం మీద నవ్వు లేకుండా. ఆయన నిజమేనేమోనని తీసుకుపోయాడు కూడా.

ఒక రోజు ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఉండగా లిఫ్టాయన ఉండబట్టలేక అడిగాడు. "ఇది మోసం కాదంటావా?"

"మోసమే" అంది ఆవిడ, ఆయన వైపు తిరక్కుండా. "ముందు అది బతకనీండి. బతికాక కాళ్లు పట్టుకుని అయినా చెప్పుకుంటాను."

టైలరమ్మ బతికింది. జుట్టు పొట్టిగా, గిరజాలుగా మళ్లీ మొలిచింది. కింద మిషను మోగింది. మధ్యాహ్నం ఆ చప్పుడు మొదటిసారి వినబడ్డప్పుడు లిఫ్టాయనకు కునుకు పట్టలేదు, సంతోషం వల్ల. కానీ మాత్రలమ్మ అనుకున్నట్టు నిజం చెప్పుకోవడానికి వీలు చిక్కలేదు. వెళ్లిన ప్రతిసారీ కొట్టులో ఎవరో ఒకరు ఉండేవాళ్లు. ఈలోపు వీధి తన కథ తను అల్లేసింది. ఆసుపత్రి సంగతి ఆ కథలో కనపడకుండా పోయింది. మాత్రలమ్మ చిన్న సీసా ఇచ్చిందట, అంత పెద్ద గడ్డా మాయమైందట. కూరగాయల దుకాణం దగ్గర ఆ మాట విన్నరోజు మాత్రలమ్మ సంచి అక్కడే మర్చిపోయి ఇంటికి వచ్చింది.

ఆవిడ భయపడ్డదే అయింది. ఒక రోజు పదిగంటల వేళ, లిఫ్టాయనకు పరిచయం లేని అడుగులు మెట్లెక్కాయి. నిదానంగా, ఒకే తూకంగా. పక్కవీధిలో బేకరీ నడిపే ఆవిడ. చేతుల నుంచి ఇంకా రొట్టెల వాసన వస్తోంది.

"టైలరమ్మకు ఇచ్చిన మందే నాకూ ఇవ్వండి" అంది. చేయి ఎత్తి ఎక్కడో చూపించింది కాబోలు, మాత్రలమ్మ ఊపిరి పీల్చిన చప్పుడు చెక్క దాటి వచ్చింది.

"ఆమెకు ఇచ్చింది మందు కాదమ్మా. ఆమెకు నయం చేసింది పెద్దాసుపత్రి. ఆపరేషన్ అయింది, నెలల తరబడి మందు ఎక్కించారు."

"అవన్నీ అందరికీ చేస్తారు. అందరూ బతుకుతున్నారా? మీ గోళీలు ఉన్నాయి కాబట్టే ఆమె బతికింది. పథ్యం ఎంత కఠినమైనా చేస్తాను."

మాత్రలమ్మ చేయి సీసాల అలమర మీదికి వెళ్లడం అద్దం తలుపు చప్పుడును బట్టి ఆయనకు తెలిసింది. ఆ చేయి అక్కడే ఆగిపోయింది. ఈవిడకు కూడా సీసా ఇచ్చి, ఈవిడకూ అదే పథ్యం పెట్టి పంపించవచ్చు. ఈవిడా బతకవచ్చు. కానీ ఈ మెట్లెక్కకుండా, ఈ కథ ఒక్కటే విని, ఎక్కడో ఏ చక్కెరో కొనుక్కుని ఇంట్లో కూర్చునేవాళ్ల మాటేమిటి? వాళ్లకు పథ్యం ఎవరు పెడతారు? చెక్క వెనకనుంచే లిఫ్టాయనకు ఇదంతా అర్థమైంది.

"ఏవండీ" అని పిలిచింది ఆవిడ. "కిందికెళ్లి అమ్మాయిని ఒకసారి రమ్మనండి."

టైలరమ్మ మెడలో టేపుతో, నోట్లో గుండుసూదితో వచ్చింది. లిఫ్టాయన తన చోటికి వెళ్లి కూర్చున్నాడు. మాత్రలమ్మ కూర్చోలేదు. "అమ్మాయ్, నీకో మాట చెప్పాలి. ఎప్పుడో చెప్పాల్సింది. నీకిచ్చిన సీసాలో మందు చుక్క కూడా లేదు. ఉత్త చక్కెర. నిన్ను ఆసుపత్రికి పంపడానికి అబద్ధపు పథ్యం పెట్టాను. ఆ పాపం నాది. ఇప్పుడు ఈవిడ అదే చక్కెర అడుగుతోంది" అంది.

గుండుసూది తీసి బల్ల మీద పెట్టిన చిన్న చప్పుడు వినిపించింది. తర్వాత టైలరమ్మ బేకరీ ఆవిడతో, "ఇటు చూడండి" అంది. బొత్తాలు విప్పుతున్న చప్పుడు. లిఫ్టాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, చెక్క అడ్డం ఉందన్న సంగతి మర్చిపోయి.

"ఇక్కడ ఒకటి ఉండేది. ఇప్పుడు ఈ గీత ఉంది. గోళీలు తింటే గీత పడుతుందా అక్కా? తీసేశారు. మిగిలినదాన్ని చంపడానికి నెలల తరబడి నరాల్లోకి మందు పంపారు. వాంతులు చేసుకున్నాను, బోడిగుండుతో తిరిగాను. నేను బతికింది దానివల్ల."



"ఇక చక్కెర సంగతి" అని టైలరమ్మ మాత్రలమ్మ వైపు తిరిగింది. "పిన్నిగారూ, అది చక్కెరని నాకు మొదటి రోజే తెలుసు. మీరు చక్కెర అంటే చక్కెరే. మీరెప్పుడు అబద్ధమాడారు గనక? నమ్మనట్టు నటించాను, అంతే. నమ్మితే ఇక ఆశ పెట్టుకోవడానికి ఏమీ మిగలదని."

"తెలిసి మరి ఎందుకెళ్లావు?" అంది మాత్రలమ్మ.

"మా అమ్మను ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేను చిన్నపిల్లని. కొన్నాళ్లు అది పెట్టొద్దు, ఇది పెట్టొద్దు అన్నారు. ఒకరోజు డాక్టరు వచ్చి, ఇక పథ్యం ఏమీ లేదు, ఏది అడిగితే అది పెట్టండి అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో. బయటికి పరిగెత్తి అమ్మకిష్టమైన మిఠాయి కొనుక్కొచ్చాను. అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. ఎందుకో నాకు తర్వాత తెలిసింది." టైలరమ్మ ఆగి, బొత్తాలు పెట్టుకుంది. "ఈ గడ్డ తగిలినప్పటి నుంచి నేను అదే మాట ఎప్పుడంటారా అని ఎదురుచూస్తున్నాను పిన్నిగారూ. మీరు వచ్చి ఇంత కఠినమైన పథ్యం పెట్టారు. ఉప్పు మానేస్తానన్నా ఒప్పుకోలేదు. పోయేవాళ్లకు ఎవరూ పథ్యం పెట్టరు కదా. నేను బతుకుతాననే మీరు అనుకుంటున్నారని అప్పుడు తెలిసింది. అందుకే వెళ్లాను."

లిఫ్టాయన పేపరు దించాడు. అక్షరాలు కనపడటం లేదు. ఇన్నేళ్లుగా ఈ చెక్క వెనక కూర్చుని తను వేళాకోళం చేస్తున్న పని ఇంత పెద్దదని, పెళ్లాంతో ఒక్కసారైనా అనలేదని ఆయనకు సిగ్గేసింది. లేచి వెళ్లి ఆ మాట ఇప్పుడే అనాలనుకున్నాడు. కానీ అటువైపు కుర్చీ కిర్రుమంది. బేకరీ ఆవిడ మాట్లాడుతోంది. వచ్చినప్పటి నిదానం ఆ గొంతులో లేదు. చిన్నపిల్ల గొంతులా ఉంది.

"మరి నాకు? నాకూ పథ్యం ఉందా అమ్మా?"

"ఉంది" అంది మాత్రలమ్మ. అలమర తలుపు మూసేసిన చప్పుడు వినిపించింది. "చాలా ఉంది. కూర్చో, చెప్తాను."